ఊళ్ళో లేనప్పుడు ఇంటి కంప్యూటర్ తెరవడం ఎలా? కార్తీకంలో కాశీ ప్రయాణం, మధ్యలో 20వ తారీఖు

మూడులాంతర్లు (విజయనగరం)

అందరికీ నమస్కారం. కార్తీక మాసంలో అమ్మానాన్నల్ని కాశీ, గయ తీసుకెళ్తున్నాను. వాళ్ళు ఎప్పటినుంచో అడుగుతున్నారు, ఈసారి వాయిదా వేసే ప్రసక్తి లేదు. చిక్కల్లా పని దగ్గరే.

నేను ఇంటి దగ్గర నుంచే కొన్ని రైస్ మిల్లుల లెక్కలు చూస్తాను. పద్దులన్నీ ఇంట్లో డెస్క్‌టాప్‌లో, టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. లైసెన్సు కూడా ఆ మెషిన్ మీదే యాక్టివేట్ అయి ఉంది. మేం ఊళ్ళో లేనప్పుడే 20వ తారీఖు వస్తుంది, జీఎస్టీఆర్-3బి (నెలవారీ జీఎస్టీ రిటర్న్) వేయాలి. మిల్లుల్లో ఒకటి ప్రైవేట్ లిమిటెడ్ కాబట్టి దానికి ఓటీపీ చాలదు, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (పెన్‌డ్రైవ్‌లా గుచ్చే డిజిటల్ సంతకం) తప్పనిసరి.

వెంట పాత చిన్న ల్యాప్‌టాప్ ఒకటి, ఫోను తీసుకెళ్తాను. అక్కడినుంచి ఇంటి కంప్యూటర్ తెర చూస్తూ పని చేసుకోవాలి. ఇంట్లో ఎవరూ ఉండరు, తాళం వేసి ఉంటుంది. నెట్ ఫైబర్ కనెక్షన్. ఏం పెట్టుకోవాలి, ముందుగా ఏం సరిచూసుకోవాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.


నాగావళి గట్టు (శ్రీకాకుళం)

క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ పెట్టుకోండి మాస్టారూ. ఉచితం. ఇంటి కంప్యూటర్లో క్రోమ్ తెరిచి, మీ గూగుల్ ఖాతాతో లాగిన్ అయ్యి, రిమోట్ యాక్సెస్ ఆన్ చేసి, కనీసం 6 అంకెల పిన్ పెట్టాలి. అదే ఖాతాతో ల్యాప్‌టాప్‌లోనో ఫోన్‌లోనో తెరిస్తే మీ కంప్యూటర్ పేరు కనబడుతుంది. నొక్కి పిన్ కొడితే మీ డెస్క్‌టాప్ మీ ముందుంటుంది. రౌటర్ జోలికి వెళ్ళక్కర్లేదు.


రాజాం మాస్టారు (రాజాం)

విండోస్‌లోనే రిమోట్ డెస్క్‌టాప్ ఉంది కదా బాబూ, వేరే వాళ్ళ సాఫ్ట్‌వేర్ ఎందుకు? సెట్టింగ్స్‌లో ఆన్ చేసి, రౌటర్లో 3389 పోర్టు ఫార్వర్డ్ చేస్తే, అంటే బయటినుంచి ఆ మెషిన్‌కి దారి తెరిస్తే సరి. మా కాలేజీ ల్యాబులో సర్వర్‌ని ఏళ్ళుగా అలాగే వాడేవాళ్ళం. తెర చాలా వేగంగా కదులుతుంది. ఆ మాత్రం సాఫీగా మిగతావి ఏవీ ఉండవు.


బొబ్బిలి వీణ (బొబ్బిలి)

రాజాం మాస్టారికి నమస్కారాలు. పెద్దవారు, కాదనడానికి మొహమాటంగా ఉంది. కానీ ఇది చదివి ఎవరైనా ఈ రాత్రే రౌటర్ తెరుస్తారేమోనని గట్టిగా చెబుతున్నాను. 3389 పోర్టును ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టకండి. కాలేజీ లోపలి నెట్‌వర్క్‌లో వాడటం వేరు, ఇంటి రౌటర్లో బయటికి తెరవడం వేరు. ఆ పోర్టు తెరిచి ఉన్న మెషిన్ల కోసం రాత్రింబవళ్ళు వెతికే ప్రోగ్రాములు ఉన్నాయి. దొరికితే పాస్‌వర్డులు ఒకదాని తర్వాత ఒకటి కొట్టి చూస్తూనే ఉంటాయి. 2019 మేలో బయటపడ్డ బ్లూకీప్ లోపానికైతే పాస్‌వర్డు కూడా అక్కర్లేదు. దానికోసం మైక్రోసాఫ్ట్ ఎప్పుడో వదిలేసిన విండోస్ ఎక్స్‌పీకి సైతం ప్యాచ్ ఇచ్చిందంటే ఎంత ప్రమాదమో చూడండి. మూడులాంతర్లు గారి మెషిన్లో ఉన్నవి ఆయన సొంత ఫొటోలు కావు, నలుగురి వ్యాపారం లెక్కలు. డబ్బు కోసం ఫైళ్ళకి తాళం వేసే రాన్సమ్‌వేర్ వస్తే ఎవరికి జవాబు చెబుతారు?

ఇంకో రెండు సంగతులు.

మొదటిది, విండోస్ హోమ్ ఎడిషన్‌లో రిమోట్ డెస్క్‌టాప్ హోస్ట్ ఉండదు. అంటే హోమ్ నుంచి వేరే మెషిన్‌లోకి వెళ్ళొచ్చు గానీ, హోమ్ ఉన్న మెషిన్‌లోకి రాలేం. ప్రో కావాలి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ చూస్తే మీది ఏ ఎడిషనో తెలుస్తుంది.

రెండోది, ఇవాళ్టి ఫైబర్ కనెక్షన్లలో చాలావాటికి మనకంటూ పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్‌లో సొంత చిరునామా) ఉండదు. ఒక్క ఐపీని ఎంతోమంది కస్టమర్లకి పంచుతారు. సీజీనాట్ అంటారు. అపార్టుమెంటు మొత్తానికి ఒకే డోర్ నంబరు ఇచ్చి ఫ్లాట్ నంబర్లు రాయకపోతే పోస్ట్‌మన్ ఏం చేస్తాడు? బయటినుంచి మీ రౌటర్‌కి వచ్చే కనెక్షన్ గతీ అంతే. పోర్టు ఫార్వర్డింగ్ పెట్టినా, డీడీఎన్ఎస్ పేరు (ఐపీ మారినా పనిచేసే పేరు) పెట్టుకున్నా లాభం లేదు. తెలుసుకోవడం తేలిక. రౌటర్ పేజీలో వాన్ ఐపీ (రౌటర్‌కి బయటివైపు ఉన్న చిరునామా) చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, లేదా 10తో మొదలైతే మీరు సీజీనాట్ వెనకాల ఉన్నట్టే.

క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్, ఎనీడెస్క్, రస్ట్‌డెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి సీజీనాట్ ఉన్నా పనిచేయడానికి కారణం, ఇంటి కంప్యూటరే బయటికి కనెక్షన్ పెట్టుకుని ఎదురుచూస్తుంది. లోపలినుంచి బయటికి వెళ్ళేదాన్ని ఎవరూ ఆపరు. టెయిల్‌స్కేల్‌దీ అదే దారి. అది వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతి మీద నడిచే ప్రైవేట్ నెట్‌వర్క్, సొంత వాడకానికి ఉచితం. మీ డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్, ఫోన్ మూడింటిలో వేస్తే అవి ఎక్కడున్నా ఒకే ఇంట్లో ఉన్నట్టు మాట్లాడుకుంటాయి.


మూడులాంతర్లు (విజయనగరం)

ధన్యవాదాలు అన్నా. ఇప్పుడే చూశాను. విండోస్ 11 హోమ్. రౌటర్లో వాన్ ఐపీ 100తో మొదలవుతోంది, మీరు చెప్పిన పరిధిలోనే ఉంది. అంటే రాజాం మాస్టారు చెప్పిన దారి నాకు రెండు వైపులా మూసుకుపోయింది. క్రోమ్‌ది ఈ రాత్రి వేస్తాను.


రాజాం మాస్టారు (రాజాం)

బొబ్బిలి బాబు చెప్పింది సబబుగానే ఉంది. ల్యాబులో మాకు ఫైర్‌వాల్ ఉండేది, దాన్ని చూసుకునే మనిషీ ఉండేవాడు. ఇంటి రౌటర్‌తో దానికి పోలిక లేదు. పోర్టు తెరవమని నేనన్న మాట పట్టించుకోకండి.

అయితే ఒక సందేహం. ప్రో ఎడిషన్ ఉండి, టెయిల్‌స్కేల్ లోపలినుంచి రిమోట్ డెస్క్‌టాప్ వాడితే? పోర్టు బయటికి తెరవనక్కర్లేదు, వేగమూ ఉంటుంది.


బొబ్బిలి వీణ (బొబ్బిలి)

అది మంచి పద్ధతి మాస్టారూ, ప్రో ఉన్నవాళ్ళకి నేను మొదట చెప్పేది అదే. పైగా రిమోట్ డెస్క్‌టాప్‌తో లోపలికి వెళ్తే ఇంట్లో మానిటర్ లాక్ స్క్రీన్ చూపిస్తుంది. క్రోమ్‌దో ఎనీడెస్కో అయితే మీరు కాశీలో చేసేదంతా ఇంట్లో మానిటర్ మీద కనబడుతూనే ఉంటుంది. తాళం వేసిన ఇల్లు కాబట్టి మూడులాంతర్లు గారికి ఇబ్బంది లేదు. ఆఫీసుల్లో వాడేవాళ్ళు మాత్రం ఆలోచించుకోవాలి.


చంపావతి (నెల్లిమర్ల)

నేను డీటీపీ చేస్తాను. పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు, స్కూలు ప్రశ్నపత్రాలు. అను ఫాంట్లు, పాత పేజ్‌మేకర్ ఫైళ్ళు అన్నీ షాపు మెషిన్లోనే ఉంటాయి. ఆ ఫైలు వేరే కంప్యూటర్లో తెరిస్తే అక్షరాలు పిచ్చి గీతల్లా వస్తాయి. అందుకే హైదరాబాద్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా షాపు మెషిన్ని అక్కడినుంచే వాడుకుంటున్నాను. సాఫ్ట్‌వేర్ సంగతి అందరూ చెప్పారు, నేను మెషిన్ సంగతి చెబుతాను. పని ఆగేదల్లా అక్కడే.

నిద్ర. పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్ నెవర్ అని పెట్టాలి. తెర ఆరిపోతే పరవాలేదు, సీపీయూ నిద్రపోకూడదు. నిద్రపోయిన మెషిన్ మీ ఫోన్లో ఆఫ్‌లైన్ అని కనబడుతుంది. ఇక దాన్ని లేపడం మీ వల్ల కాదు.

అప్‌డేట్లు. బయల్దేరే ముందే అన్నీ వేసేసి, రీస్టార్ట్ చేసి, అప్పుడు పాజ్ నొక్కండి. విండోస్ 11లో 5 వారాల దాకా ఆపుకోవచ్చు. లేకపోతే సరిగ్గా మీరు పని చేస్తున్న వేళకే రీస్టార్ట్ అంటుంది. రీస్టార్ట్ అయినా క్రోమ్‌ది లాగిన్ తెర దగ్గరే అందుకుంటుంది, కంగారు లేదు. టెయిల్‌స్కేల్ అలా కాదు. దాని ప్రిఫరెన్సెస్‌లో రన్ అనటెండెడ్ అనేది టిక్ పెడితేనే లాగిన్ కాకముందు కనెక్ట్ అవుతుంది. ఇది చాలామందికి తెలియదు.

మానిటర్. దాన్ని స్విచ్ దగ్గర ఆపేస్తే కొన్ని మెషిన్లలో తెర సైజు చిన్నదైపోతుంది, కొన్నిటిలో నల్లగా వస్తుంది. హెచ్‌డీఎంఐ డమ్మీ ప్లగ్ అని చిన్నది దొరుకుతుంది. సీపీయూ వెనక గుచ్చితే మానిటర్ ఉందనుకుంటుంది. మీ మెషిన్ ఎలా చేస్తుందో మానిటర్ ఆపి ఒకసారి చూసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం, మెయిన్. ఊరెళ్తూ మెయిన్ ఆపేసి తాళం వేయడం మన ఇళ్ళలో అందరికీ అలవాటు. మీరు గుర్తుపెట్టుకున్నా గుమ్మం దాటేటప్పుడు నాన్నగారు ఆపేస్తారు! కంప్యూటర్, రౌటర్ ఉన్న గది ఎంసీబీ ఏదో చూసి దానిమీద కాగితం అంటించండి. మిగతావి ఆపుకోవచ్చు.


మూడులాంతర్లు (విజయనగరం)

చంపావతి మేడమ్, ఈ మెయిన్ సంగతి నాకు తట్టనే లేదు. మా నాన్న ముందు చేసే పని అదే. చాలా థాంక్స్.


పలాస జీడి (పలాస)

మెయిన్ మీరు ఆపకపోయినా కరెంటు దానంతట అది పోతుంది కదండీ. ముఖ్యంగా మీరు వెళ్ళేది తుపాన్ల కాలం.

మా జీడిపప్పు యూనిట్ ఆఫీసు మెషిన్ని నేను బయటినుంచి చూస్తుంటాను. కరెంటు పోయి వచ్చాక డెస్క్‌టాప్ దానంతట అది ఆన్ కాదు. ఎవరో ఒకరు బటన్ నొక్కాలి. తాళం వేసిన ఇంట్లో ఎవరు నొక్కుతారు? దీనికి బయోస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే మెషిన్ సెట్టింగ్స్‌లో) ఒక సెట్టింగ్ ఉంటుంది. కొన్ని బోర్డుల్లో రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్ అని, కొన్నిటిలో ఏసీ బ్యాక్ అని ఉంటుంది. పవర్ మేనేజ్‌మెంట్ పేజీలో వెతకండి. దాన్ని పవర్ ఆన్ లేదా ఆల్వేస్ ఆన్ అని పెట్టి సేవ్ చేయండి. ఇక కరెంటు రాగానే మెషిన్ లేస్తుంది, విండోస్ వస్తుంది, క్రోమ్‌ది కనెక్ట్ అవుతుంది. మీరు చేసేదేమీ ఉండదు.

పరీక్షించడం ఎలాగంటే, పనులన్నీ సేవ్ చేసి, మామూలుగా షట్‌డౌన్ చేసి, గోడ స్విచ్ ఆపి, కాసేపు ఆగి మళ్ళీ వేయండి. చేయి తగలకుండా లేచిందా? సరిపోయింది. కొన్ని బోర్డులు షట్‌డౌన్ తర్వాత లేవవు గానీ నడుస్తుండగా కరెంటు పోతే లేస్తాయి. లాస్ట్ స్టేట్ అని పెట్టినప్పుడు అలా అవుతుంది. అందుకే ఆల్వేస్ ఆన్ అంటున్నాను.

రౌటర్‌కి వేరే చిన్న యూపీఎస్ తీసుకోండి, 12 వోల్టుల మినీ యూపీఎస్ అంటే ఇస్తారు. డెస్క్‌టాప్ ఇన్వర్టర్ మీద ఉంటే ఇంకా మంచిది. పిడుగుల సంగతి కూడా చూసుకోవాలి. ఎర్తింగ్ సరిగ్గా ఉన్న ప్లగ్గు, మంచి సర్జ్ ప్రొటెక్టర్ లేకుండా మెషిన్ని వారాల తరబడి ఆన్‌లో వదలకండి.

ఇన్ని చేసినా ఒక మాట. 2018 అక్టోబర్ 11న తెల్లవారుజామున తిత్లీ మా పలాస దగ్గరే తీరం దాటింది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి వైపు స్తంభాలు నేలకొరిగి రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఏ బయోసూ ఏ యూపీఎసూ ఆదుకోదు. 20వ తారీఖు మాత్రం మారదు. కాబట్టి ఇంటి మెషిన్ పూర్తిగా అందకపోయినా పని నడిచేలా టాలీ బ్యాకప్ ఒకటి మీ ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని బయల్దేరండి. టాలీ ప్రైమ్‌లో ఆల్ట్ వై నొక్కితే బ్యాకప్ వస్తుంది.


మూడులాంతర్లు (విజయనగరం)

పలాస అన్నా, మీరు రాసింది ప్రింట్ తీసి పెట్టుకున్నాను. మా నాన్నగారి ప్రశ్న ఒకటి ఉంది: "ఇన్ని రోజులు కంప్యూటర్ ఆపకపోతే బిల్లు ఎంతొస్తుందిరా?"


బొబ్బిలి వీణ (బొబ్బిలి)

గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు డెస్క్‌టాప్ ఖాళీగా ఉన్నప్పుడు 60 వాట్లు తీసుకుంటుందనుకోండి. రోజుకి 1.44 యూనిట్లు. నెలంతా వదిలేసినా 43 యూనిట్లు. మీరు వెళ్ళేది అన్ని రోజులు కాదు, పైగా ఇంట్లో ఫ్యాన్లు, మోటారు, గీజరు ఏవీ నడవవు. నాన్నగారిని నిశ్చింతగా ఉండమనండి.

అవసరమైనప్పుడు మాత్రమే లేపుకునే పద్ధతి కూడా ఉంది, వేక్ ఆన్ లాన్. నెట్‌వర్క్ కార్డుకి మ్యాజిక్ ప్యాకెట్ అని ఒకటి పంపితే మెషిన్ లేస్తుంది. కానీ అది ఇంట్లో నెట్‌వర్క్ లోపలే తిరుగుతుంది. కాశీ నుంచి నేరుగా పంపలేరు. ఇంట్లో ఎప్పుడూ ఆన్‌లో ఉండే రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్ ఒకటుంటే దానిలోకి వెళ్ళి అక్కడినుంచి పంపాలి. మెషిన్‌కి నెట్‌వర్క్ కేబుల్ కనెక్షన్ ఉండాలి, బయోస్‌లో ఆన్ చేయాలి, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపాలి. ఇన్నిటిలో ఏ ఒక్కటి తప్పినా లేవదు. మొదటిసారి దూరం వెళ్ళేవాళ్ళకి నేను చెప్పను. నడుస్తూ ఉండనివ్వండి.


ఉద్దానం అల (కవిటి)

నేను మర్చంట్ నేవీలో పనిచేస్తాను. మా వైపు ఊళ్ళల్లో ఇంటికొకరు ఓడల్లో ఉంటారు, మీకు తెలిసే ఉంటుంది. ఇది ఓడలోంచే రాస్తున్నాను.

భూస్థిర ఉపగ్రహం సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఆ లింకు మీద మౌస్ కదిపితే బాణం కదలడానికి అర సెకను పైనే పడుతుంది. అలాంటి నెట్ మీద ఇంటి కంప్యూటర్ తెర తెచ్చుకుని పని చేయడం నరకం. నాకు నిజంగా కావాల్సింది కంప్యూటర్ కాదు, దానిలోని ఫైళ్ళు. సర్టిఫికెట్ల స్కాన్లు, బ్యాంకు కాగితాలు, ఇంటి దస్తావేజు నకలు. వాటిని ఒక ఫోల్డర్లో పెట్టి సింక్‌థింగ్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపేశాను. నెట్ ఉన్నప్పుడు రెండు చోట్లా సమానం అవుతాయి, లేనప్పుడు నా దగ్గర ఉన్నవి నా దగ్గరే ఉంటాయి. గూగుల్ డ్రైవ్‌లో పెట్టుకున్నా అంతే, 15 జీబీ ఉచితం.

మూడులాంతర్లు గారికి టాలీ ఉంది కాబట్టి మెషినే కావాలి. కానీ ఇది చదివే మిగతావాళ్ళు ఒక్కసారి ఆలోచించండి. ఫైలు ఒక్కటే కావాలంటే దానికోసం కంప్యూటర్‌ని రాత్రింబవళ్ళు నడపక్కర్లేదు.


నాగావళి గట్టు (శ్రీకాకుళం)

ఉద్దానం అన్నా జాగ్రత్తగా ఉండు, సముద్రంలో ఎక్కడున్నావో ఏమో.

డీఎస్‌సీ, అంటే ఆ డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ సంగతి ఎవరూ ఎత్తలేదు, చెప్తాను. ఇంటి సీపీయూకి టోకెన్ గుచ్చి వెళ్ళి, విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌తో లోపలికి వెళ్తే ఆ టోకెన్ కనబడదు. రిమోట్ డెస్క్‌టాప్ సెషన్‌లో స్మార్ట్ కార్డు అంటే మీ చేతిలో ఉన్న ల్యాప్‌టాప్‌కి గుచ్చిందే లెక్క. ఎంసైనర్ (జీఎస్టీ పోర్టల్‌లో టోకెన్‌తో సంతకం పెట్టించే సాఫ్ట్‌వేర్) నడుస్తూనే ఉంటుంది, సర్టిఫికెట్ల జాబితా ఖాళీగా వస్తుంది. డ్రైవర్ తీసి మళ్ళీ వేసి, జావా తిట్టి, రాత్రంతా కూర్చున్నా రాదు. క్రోమ్‌తోనో ఎనీడెస్క్‌తోనో వెళ్తే కనబడుతుంది. ఎందుకంటే అవి కొత్త సెషన్ తెరవవు, ఇంట్లో మీరు కూర్చుని చూసే తెరనే చూపిస్తాయి.


వంశధార (నరసన్నపేట)

పనిచేస్తుంది సరే. కానీ ఆ టోకెన్ ఎవరిది?

కంపెనీ డైరెక్టర్ గారిది. దానితో పెట్టే సంతకం ఆయన చేత్తో పెట్టిన సంతకంతో సమానం, ఐటీ చట్టం అలాగే చూస్తుంది. దాన్ని తాళం వేసిన ఇంట్లో, రోజంతా ఇంటర్నెట్‌లో ఉండే మెషిన్‌కి గుచ్చి వారాల తరబడి వదిలేయడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. పాస్‌వర్డు కూడా మీ దగ్గరే ఉండి ఉంటుంది. మన వృత్తిలో అందరూ చేస్తున్నదే, క్లయింట్ల టోకెన్లు అన్నీ సొరుగులో వేసుకుని కూర్చుంటాం. అయినా అది సరైన పద్ధతి కాదు. రేపు ఏదైనా తేడా వస్తే సంతకం పెట్టింది తను కాదని డైరెక్టర్ చెప్పుకోలేరు, తనకు సంబంధం లేదని మీరూ చెప్పుకోలేరు.

బయల్దేరే ముందు టోకెన్ ఆయనకి ఇచ్చేయండి. మిల్లులో కంప్యూటర్ ఉంటుంది కదా. దానిలో డ్రైవర్, ఎంసైనర్ మీరే వేసి, ఒకసారి సంతకం దాకా వెళ్ళి చూడండి. 20వ తారీఖుకి ముందే కాశీ నుంచి ఇంటి మెషిన్లో టాలీ చూసి లెక్క తేల్చి, పోర్టల్‌లో రిటర్న్ నింపి, చలానా కట్టించేయండి. చివరి సంతకం మాత్రం ఆయన మిల్లులో కూర్చుని పెడతారు. మీరు ఫోన్లో ఉండి చెబితే చాలు.


మూడులాంతర్లు (విజయనగరం)

వంశధార గారూ, ఇది బాగుంది. మిల్లు యజమానికి ఇవాళే ఫోన్ చేశాను. టోకెన్ తనకి ఇచ్చేయమని ఆయనే సంతోషంగా అన్నారు. రేపు వెళ్ళి అక్కడ ఎంసైనర్ వేసి వస్తాను.


గరివిడి (గరివిడి)

అందరూ పెద్దవాళ్ళు, నేను డిగ్రీ చదువుతున్నాను. ఒక్కటి అడగాలి. ఎనీడెస్క్ పేరు వింటేనే మా ఇంట్లో భయం. మా పెదనాన్నకి బ్యాంకు నుంచి అంటూ ఫోన్ వచ్చింది. కేవైసీ ఆగిపోయిందని, ఫోన్లో అది వేసుకోమని, వచ్చిన నంబరు చెప్పమని అడిగారు. అన్నయ్య పక్కనే ఉండబట్టి ఆగింది. అలాంటి సాఫ్ట్‌వేర్‌ని మనమే వేసుకుని ఆన్‌లో ఉంచడం సురక్షితమేనా?


బొబ్బిలి వీణ (బొబ్బిలి)

మంచి ప్రశ్న చెల్లెమ్మా. ఆ మోసం గురించి రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకుల్ని హెచ్చరించింది. యాప్ వేయించి, దానిలో వచ్చే 9 అంకెల కోడ్ అడిగి, అనుమతులు నొక్కించి, యూపీఐ నుంచి డబ్బు లాగేస్తారు. యాప్ దొంగది కాదు, దాని తలుపు ఎవరికి తీస్తున్నామన్నదే అసలు విషయం. ఫోన్ చేసి ఏ బ్యాంకువాడూ స్క్రీన్ చూపించమని అడగడు. అడిగాడంటే దొంగ. డబ్బు పోతే ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి. మీ పెదనాన్నగారి ఫోన్లో ఆ యాప్ ఉండిపోయిందేమో చూసి తీసేయండి.

మన సొంత మెషిన్‌కి మనం పెట్టుకునేటప్పుడు జాగ్రత్త అంతా ఖాతా దగ్గర ఉంది. క్రోమ్‌ది వాడితే మీ గూగుల్ ఖాతాయే ఇంటి తాళం. రెండంచెల లాగిన్ ఉండి తీరాలి. పిన్‌గా పుట్టినతేదీ పెట్టకండి. గూగుల్ 10 బ్యాకప్ కోడ్లు ఇస్తుంది, కాగితం మీద రాసి పర్సులో కాకుండా సూట్‌కేసులో పెట్టుకోండి. ఘాట్ల దగ్గర రద్దీలో ఫోన్ పోతే ఓటీపీ రాదు, అప్పుడు ఆ కాగితమే ఆధారం. నెట్ సెంటర్‌లోనో లాడ్జి రిసెప్షన్‌లోనో కంప్యూటర్‌లో మాత్రం ఈ ఖాతా తెరవొద్దు. దానిలో కీలాగర్ (మనం కొట్టే కీలన్నీ దొంగచాటుగా రాసుకునే ప్రోగ్రాం) ఉందో లేదో మనకు తెలియదు. లాడ్జి వైఫై మీద మీ సొంత ల్యాప్‌టాప్ వాడుకోవచ్చు, కనెక్షన్ ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్తుంది.

మూడులాంతర్లు గారికి: రెండో దారి ఒకటి తప్పకుండా ఉంచుకోండి. క్రోమ్‌ది మొండికేస్తే టెయిల్‌స్కేల్ మీదుగా రస్ట్‌డెస్క్‌తో వెళ్ళొచ్చు. టెయిల్‌స్కేల్ వెబ్‌సైట్‌లో మీ డెస్క్‌టాప్ పేరు పక్కన కీ ఎక్స్‌పైరీ ఆపేయండి. ఆపకపోతే 180 రోజులకి మళ్ళీ లాగిన్ అడుగుతుంది, అదీ ఇంట్లో మెషిన్ ముందు కూర్చుని చేయాలి.


మూడులాంతర్లు (విజయనగరం)

పరీక్ష చేశాను. రాయడం ఆలస్యమైంది, మిల్లు పని పట్టింది.

ఇంట్లో వైఫై మీద చూస్తే అన్నీ పనిచేస్తాయి, దానివల్ల తెలిసేది ఏమీ లేదు. అందుకని ల్యాప్‌టాప్ పట్టుకుని రైల్వే స్టేషన్‌కి వెళ్ళి, ఫోన్ డేటా మీద ఇంటి మెషిన్ తెరిచాను. క్రోమ్‌ది వెంటనే వచ్చింది. టాలీ తెరిచి ఎఫ్8 నొక్కి ఒక సేల్స్ ఎంట్రీ, ఎఫ్9తో ఒక పర్చేజ్ వేసి చూశాను. అంకె కొట్టాక తెర మీద పడటానికి చిన్న వ్యవధి ఉంది, అలవాటైపోతుంది. ఫోన్ మీద మాత్రం టాలీ వల్ల కాదు. అంతా కీబోర్డు మీద నడిచే సాఫ్ట్‌వేర్ కదా, తెర మీద వేలితో ఎఫ్ కీలు వెతుక్కునేసరికి వోచర్ మర్చిపోతాం. ల్యాప్‌టాప్ తీసుకెళ్ళాల్సిందే.

బయోస్‌లో ఏసీ బ్యాక్ దొరికింది, ఆల్వేస్ ఆన్ పెట్టాను. తమ్ముడితో ఇంట్లో స్విచ్ ఆపించి వేయించాను. నేను స్టేషన్ బల్ల మీద కూర్చుని చూస్తుండగానే పేరు బూడిద రంగులోకి వెళ్ళి, కాసేపటికి మళ్ళీ పచ్చగా వచ్చింది. రస్ట్‌డెస్క్ మొదట రాలేదు. బొబ్బిలి అన్న ఫోన్లో చెప్పారు, సెట్టింగ్స్‌లో డైరెక్ట్ ఐపీ యాక్సెస్ ఆన్ చేయాలట. చేశాక వచ్చింది. డమ్మీ ప్లగ్ ఆర్డర్ పెట్టాను. పక్కింటి పిన్నిగారికి ఒక తాళంచెవి ఇస్తున్నాను, సీపీయూ బటన్ ఏదో చూపించాను కూడా.


పలాస జీడి (పలాస)

భేష్. పిన్నిగారికి బటన్ చూపించడం మంచి పని చేశారు. మెషిన్ హ్యాంగ్ అయితే దూరం నుంచి ఆపి వేయడానికి స్మార్ట్ ప్లగ్ ఉంది, నేను వాడతాను. కానీ టాలీ తెరిచి ఉండగా కరెంటు లాగేస్తే డేటా దెబ్బతినొచ్చు. మనిషి ఉంటే ఆ అవసరం రాదు. పని అయ్యాక టాలీ మూసి బయటికి రావడం మాత్రం మానకండి.


వంశధార (నరసన్నపేట)

20 దాకా ఆగకండి. ఆ రోజు పోర్టల్ మెల్లగా ఉంటుంది, మీరేమో గయలో పిండప్రదానం దగ్గర ఉంటారు. 17, 18 తారీఖుల్లోనే ముగించేయండి. అమ్మానాన్నలతో వెళ్ళింది తీర్థయాత్రకి కదా, వాళ్ళతో ఉండండి.


చంపావతి (నెల్లిమర్ల)

బొబ్బిలి గారూ, నాదొక సందేహం. మా షాపు మెషిన్ ఇంకా విండోస్ 10. 2025 అక్టోబర్ 14తో దానికి సపోర్ట్ ఆగిపోయింది కదా. పాత పేజ్‌మేకర్ కొత్త విండోస్‌లో నడుస్తుందో లేదోనని మార్చలేదు. దీన్ని ఇలా బయటినుంచి వాడుకుంటూ ఉండొచ్చా?


బొబ్బిలి వీణ (బొబ్బిలి)

మేడమ్, ఏ పోర్టూ బయటికి తెరవలేదు కాబట్టి రేపే ఏదో అయిపోతుందని కాదు. కానీ సెక్యూరిటీ ప్యాచ్‌లు రాని మెషిన్ని ఎప్పుడూ నెట్‌లో ఉంచడం మంచిది కాదు. డిస్క్ మొత్తం ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి ఇమేజ్ (ఉన్నదున్నట్టు నకలు) తీసి పెట్టుకుని, అప్పుడు 11కి మార్చి చూడండి. పేజ్‌మేకర్ నడవకపోతే ఆ ఇమేజ్‌తో వెనక్కి వచ్చేయొచ్చు. అప్పటిదాకా ఆ మెషిన్లో బ్రౌజింగ్, మెయిల్, పెన్‌డ్రైవ్‌లు వద్దు, డీటీపీ పని ఒక్కటే చేయండి. షాపులో కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌లు ముందు వేరే మెషిన్లో చూసి, ఫైలు మాత్రం ఇటు పంపుకోండి. మీ బోర్డు మోడల్, ప్రాసెసర్ ఏమిటో ఇక్కడ రాయండి, 11 పడుతుందో లేదో చూసి చెప్తాను.


చంపావతి (నెల్లిమర్ల)

రేపు షాపు తెరవగానే చూసి రాస్తాను.